కరుణ గీసిన నాలుక

"చేదుగా ఉందక్కా," అన్నాడు సాలమోను.

"ఉండదు," అంది కరుణ. "మళ్లీ చాపు."

ఆదివారం మధ్యాహ్నం. కొత్తపేటలో వాళ్ల ఇంటి వరండాలో తమ్ముణ్ని పీట మీద కూర్చోబెట్టింది కరుణ. పక్కన గిన్నెలో కాకరకాయ రసం ఉంది. కొబ్బరి ఈనెకు దూది చుట్టి, రసంలో ముంచి, వాడి నాలుక కొసన అద్దుతోంది.

మర్నాడు బళ్లో సైన్సు ఫెయిర్. కరుణ ఆరో తరగతి. సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి, పెద్ద చార్టు మీద నాలుక గీసింది. కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, బాగా వెనక చేదు. ఒక్కో రుచికి ఒక్కో రంగు వేసింది. బాగున్న ప్రాజెక్టును అమలాపురంలో జిల్లా పోటీకి పంపిస్తామన్నారు. అది తనదే కావాలని కరుణ పట్టుదల.

కొత్త ఈనె తీసి మళ్లీ అద్దింది. సాలమోను మొహం ముడుచుకుపోయింది.

"చేదే."

"ఒరే, కొసన తీపి ఒక్కటే తెలుస్తుంది. చేదు వెనక తెలుస్తుంది. పుస్తకంలో ఉంది."

"పుస్తకానికి చేదుగా లేదేమో. నాకు ఉంది."

అమ్మ లోపలి నుంచి, "వాడి నాలుక సంగతి వాడికి తెలీదేంటే?" అంది.

కరుణకు ఒళ్లు మండింది. పక్కింటి దుర్గాశ్రీని పిలుచుకొచ్చింది. దుర్గాశ్రీ కూడా చేదనే చెప్పి, మంచినీళ్లు అడిగింది.

"నీకు జలుబు చేసిందా?"

"లేదే."

"చేసే ఉంటుంది," అంది కరుణ.

దుర్గాశ్రీ వెళ్లిపోయాక తమ్ముడికి గట్టిగా చెప్పింది. "రేపు నేను కొసన చేదు పెట్టగానే, 'ఏమీ తెలీడం లేదండీ' అను. జీళ్లు కొనిపెడతాను."

సాలమోను తలూపాడు.

సోమవారం పొద్దున్న ఆరో తరగతి గదిలో బెంచీలు వరసగా వేసి ప్రాజెక్టులు పెట్టారు. కరుణ చార్టు అందరికంటే పెద్దది. సైన్సు చెప్పే ఇందిర టీచరు రాగానే కరుణ పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పేసింది. తర్వాత కాకరకాయ రసంలో దూది ముంచి తమ్ముడి నాలుక కొసన పెట్టింది.

సాలమోను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మొహం వంకర్లు పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమీ తెలీడం లేదండీ," అన్నాడు.

గదంతా గొల్లుమంది.

"తెలీకపోతే ఆ మొహం ఏంట్రా?" అంది టీచరు. వాడు అక్క వైపు చూశాడు. కరుణ చార్టు వైపు చూసింది.

"నిజంగా ఎలా ఉంది?"

"చేదుగా ఉందండీ. నిన్న కూడా చేదేనండీ."

కరుణ ఇక ఆగలేకపోయింది. "వీడితో ఇంతేనండీ. పుస్తకంలో చూడండి, ఇలాగే ఉంది."

"ఆయ్, అలాగే ఉంది," అంది టీచరు. "ఆ బొమ్మ పాతది. అప్పటివాళ్లకు అలా తెలిసింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ పరీక్షలు చేస్తే వేరేగా వచ్చింది. రుచి తెలిసే చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయని మొన్న ట్రైనింగులో మాకు చెప్పేరు."

"మరి పుస్తకంలో ఎందుకు ఉంచేరండీ? నేను రెండు రోజులు రంగులేసేనండీ."

"పుస్తకం మారడానికి టైం పడుతుంది."

"పరీక్షలో ఏం రాయాలండీ మరి?"

టీచరు నిట్టూర్చింది. "అదే నేనూ అడిగేను. సమాధానం రాలేదు."

"రేపు ఇంకొకళ్లు వచ్చి ఇదీ తప్పంటారేమోనండీ."

"అనొచ్చు. పరీక్ష చేసి చూపిస్తే ఒప్పుకోవాలి."

"ఇలాగైతే ఎలాగండీ," అంది కరుణ.

టీచరు రసం గిన్నెను కరుణ ముందుకు జరిపింది. "తమ్ముడు చేదన్నాడు. ఇంకెవరినైనా అడిగేవా?"

"దుర్గాశ్రీని అడిగేనండీ. తనూ చేదే అందండీ."

"నీకెలా ఉంది?"

కరుణ గిన్నెలోకి చూసింది. రసం పిండింది తనే. తన నాలుక మీద మాత్రం ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

టీచరు పక్క బెంచీ దగ్గరకు వెళ్లింది. కరుణ కొత్త ఈనెకు దూది చుట్టి, అటూ ఇటూ చూసి, కొసన అద్దుకుంది. మరుక్షణం తన మొహం కూడా తమ్ముడి మొహంలాగే అయిపోయింది.

చార్టు చింపేద్దామా అనుకుంది. రంగులు చూస్తే చేతులు రాలేదు. చివరికి స్కెచ్ పెన్ను తీసి బొమ్మ కింద పెద్ద అక్షరాలతో రాసింది: 'పుస్తకంలో బొమ్మ ఇది. మేము పరీక్షిస్తే కొసన కూడా చేదు తెలిసింది.'

"ఒరే," అంది తమ్ముడితో, వాడి వైపు చూడకుండా. "నీకెలా ఉంటే అలాగే చెప్పు. ఇందాక నేను చెప్పించింది తప్పు."

"జీళ్లు?"

"కొంటాలే."

అంతలో హెడ్మాస్టరు సూర్యనారాయణగారు వచ్చారు. రాసింది చదివి కళ్లజోడు సర్దుకున్నారు. "ఇదేంటమ్మా? చేదు తెలిసేది నాలుక వెనకాల కదా. మా చిన్నప్పట్నించీ అదే పాఠం."

"నేనూ అదే చదివేనండీ," అంది కరుణ. కొత్త ఈనె రసంలో ముంచింది. "కొంచెం నాలుక చాపండి, మాస్టారూ."

ఆయన తటపటాయించి, నాలుక చాపారు. కరుణ కొసన జాగ్రత్తగా అద్ది వెనక్కి జరిగింది. ఏం చెప్పాలో ఆయనకు చెప్పలేదు. స్కెచ్ పెన్ను మూత తీసి, ఆయన ఏం చెబుతారా అని చూస్తూ నిలబడింది.