నీలం తిరిగిన కణాలు

మెట్లు మూడేసి చొప్పున దిగుతోంది ల్యాబ్ టెక్నీషియన్.

చంకలో లంచ్ బ్యాగు. అందులో ఐసు ముక్కల మధ్య పదకొండు చిన్న సీసాలు.

పైనుంచి బూట్ల చప్పుడు...

"మర్యాదగా బ్యాగిచ్చేయ్."

సెక్యూరిటీ హెడ్. క్లినిక్‌లో అంతా చాటుగా దున్న అంటారు. వెంటపడితే వదిలే రకం కాదు.

ఆమె ఆగలేదు.

పావుగంట క్రితం దాకా అంతా మామూలే. ఓ సీసాలోంచి చుక్క తీసి, రంగు కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టింది. బతికున్న కణానికి రంగు పట్టదు. చచ్చిందే నీలం తిరుగుతుంది.

అన్నీ నీలమే.

వాటి మధ్య సన్నగా, చురుగ్గా కదులుతూ... బాక్టీరియా.

పెద్ద డాక్టరుకు చూపిస్తే ఆయన కళ్ళజోడు కూడా సర్దుకోలేదు. "చూడనట్టే ఉండు" అన్నాడు.

పన్నెండో సీసా అప్పటికే ఐదో నంబరు గదికి వెళ్ళిపోయింది.

ఆ గదిలో ఉన్నది ఆమె అక్క.

అక్క కిడ్నీలు మూలనపడి రెండేళ్ళు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ సీసాల్లోని మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఎక్కిస్తే కిడ్నీ మళ్ళీ చిగురిస్తుందని, డయాలసిస్ మానేయమని డాక్టరు చెప్పాడు. అక్క నమ్మలేదు. చెల్లెలు చెబితే నమ్మింది.

చేజేతులా నేనే తెచ్చాను...

మొదటి అంతస్తు. చటుక్కున పక్కకు తిరిగింది; వెనక బూట్ల చప్పుడు మెట్లమీద కిందికే సాగిపోయింది. గది తలుపు తోసింది. డ్రిప్ పడుతోంది. ఒక్క అంగలో వెళ్ళి ఆపేసింది.

బావ అదిరిపడి లేచాడు. "మతి పోయిందా చిన్నీ?"

"అది మందు కాదు బావా. కుళ్ళిపోయింది."

"బంగారంలాంటి వైద్యమని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. నా నోరు పడిపోను. ముందు పెద్దాసుపత్రికి పద."

అక్క దుప్పటి తొలగించింది. వాచిన కాళ్ళు నేలమీద పెట్టింది. "చలిగా ఉందే చిన్నీ..." అంది.

చలి. అప్పుడే.

విషం ఒంట్లోకి పాకుతోందన్నమాట.

వీల్ చెయిర్. ర్యాంపు. వెనక ఆవరణలో ఆంబులెన్సు. బావ అక్కను ఎత్తి పడుకోబెట్టాడు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఎదురుగా గేటు మూసుకుంది.

దున్న తాళం వేసి, చెవి మురుక్కాలవలోకి విసిరేశాడు. పక్కనే పెద్ద డాక్టరు. ఆయన పక్కన మఫ్టీలో ఉన్న మనిషి, చేతిలో రివాల్వర్.

ఆ మనిషిని ఆమె ఎరుగును. ఇన్‌స్పెక్టర్.

"సార్... హమ్మయ్య, మీరొచ్చారు. ఈ సీసాలు..."

రివాల్వర్ ఆమె వైపే తిరిగింది.

"బ్యాగు కింద పెట్టు. అందులో మా పాప మందుంది. లివర్ పోయిన పిల్ల నోటిదగ్గర మందు దొంగిలించడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"నేనే పిలిచాను" అన్నాడు డాక్టరు నవ్వుతూ.

చిన్నీ బ్యాగులోంచి ఒక సీసా తీసింది.

"మంచి మందే అయితే ఈయన్నే ఎక్కించుకోమనండి సార్."

ఇన్‌స్పెక్టర్ డాక్టరు వైపు చూశాడు. "ఎక్కించుకోండి."

"నాకెందుకు? నాకేం రోగమని?"

"నా తృప్తి కోసం."

డాక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. వీపు గోడకు తగిలింది.

రివాల్వర్ మెల్లగా అటు తిరిగింది.

"పోయిన వారం మొదటిది ఎక్కించావు. మూడు రోజులుగా పాప ఒళ్ళు కాలిపోతోంది. మందు పనిచేస్తోందన్నావు..."



"పాప ఎక్కడుంది సార్?" అడిగింది చిన్నీ.

"నా కార్లో. రెండోది ఎక్కిద్దామని తెచ్చా."

"ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే గంటలే టైము. అక్కకీ అంతే. వీణ్ణి చంపితే మిమ్మల్ని లోపలేస్తారు. పాప పక్కనెవరుంటారు?"

ఇన్‌స్పెక్టర్ దవడ బిగిసింది. ట్రిగ్గర్ మీద వేలు కూడా.

ఆమె కళ్ళు మూసుకుంది.

తుపాకి పేలింది!

కళ్ళు తెరిచేసరికి డాక్టరు గోడవారన కూలబడి ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు.

గేటు తాళం తునాతునకలైంది.

ఇన్‌స్పెక్టర్ కారు దగ్గరికి పరిగెత్తి, ఒక చేత్తో కూతుర్ని భుజాన వేసుకొచ్చాడు. రెండో చేత్తో డాక్టరు కాలరు పట్టి ఆంబులెన్సు మెట్టు మీదికి ఈడ్చాడు.

"ఎక్కు. వీళ్ళ రక్తంలో ఏం కలిపావో ఆసుపత్రిలో నీ నోటితోనే చెప్పాలి."