గోడకి అవతల అక్క

"ఏవండీ... ఇదేంటి?!"

చిన్నకోడలు హాలు మధ్యలో అలాగే నిలబడిపోయింది. భుజాన సంచీ ఇంకా దించలేదు. దేశం ఈ చివర నుంచి ఆ చివరిదాకా సైకిలు తొక్కి, అప్పుడే రైలు దిగి ఇంటికొచ్చిన మనిషి! లోపల అడుగుపెట్టగానే హాలుకి అడ్డంగా, సున్నం కూడా వేయని కొత్త ఇటుక గోడ కనిపించింది! తోడికోడలు తనతోపాటే వచ్చింది. ఆవిణ్ణి బావగారు గేటు దగ్గరే ఆపి, పక్క సందులో కొత్తగా పెట్టించిన తలుపు వైపు తీసుకెళ్ళిపోయాడు.

"అన్నయ్యకీ నాకూ ఇక సరిపడదు. మీరొచ్చేలోపు తేల్చేసుకున్నాం. వాళ్ళతో నువ్వు మాట్లాడటానికి వీల్లేదు," అన్నాడు భర్త, మొహం చూడకుండా.

ఏం పుట్టి మునిగిందని? సైకిళ్ళ కొట్లో తండ్రి కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదలైందట! సైకిళ్ళు బాగుచేసి కొడుకులిద్దర్నీ పెంచిన మనిషి ఆయన. దేశమంతా ఒక్కసారి సైకిలు మీద తిరగాలని కలవరించి కలవరించి, ఆ కోరిక తీరకుండానే పోయారు. కొడుకుల్లో ఒకడికి నడుంనొప్పి, ఇంకొకడికి తీరిక లేదు! చివరికి మామగారు తన చేత్తో బిగించిన రెండు సైకిళ్ళూ కోడళ్ళే ఎక్కారు. కోడళ్ళు అక్కడ ఆయన కోరిక తీరుస్తుంటే, కొడుకులు ఇక్కడ ఆయన ఇంటిని రెండు ముక్కలు చేశారు! ఏమనాలి ఇలాంటివాళ్ళని?

నిజానికి బయల్దేరేటప్పుడు తోడికోడళ్ళిద్దరికీ అంతంతమాత్రమే. ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో మెలిగినా "మీరు తిన్నారా అక్కా", "ఆఁ, తిన్నానమ్మా" తప్ప మరో మాట లేదు. మూతి విరుపులు మాత్రం బోలెడు! రోడ్డెక్కాక అంతా మారిపోయింది. ఎదురుగాలి వీస్తే అక్క ముందుకెళ్ళేది. "నా వెనకే నక్కి రావే! ఇంత ఒళ్ళు దేవుడు ఊరికే ఇచ్చాడా?" అని అరిచేది. ఆ వీపు వెనక గాలే తగిలేది కాదు... అక్క అలిసిపోతే తను ముందుకెళ్ళేది. తనది పుల్లలాంటి ఒళ్ళు, గాలికి అడ్డేమిటి! అయినా "హాయిగా ఉందే" అని అబద్ధమాడేది అక్క. ఎప్పుడు "మీరు" పోయి "నువ్వు" వచ్చిందో, "అమ్మా" పోయి "ఒసేయ్" వచ్చిందో ఇద్దరికీ తెలీదు. ఒకరోజు కొండ ఎక్కలేక రోడ్డు పక్కన కూలబడినప్పుడు, పిల్లలు పుట్టలేదన్న దుఃఖం, అత్తింట్లో ఎవరి ముందూ బయటపెట్టని దుఃఖం పొంగుకొచ్చి, తను అక్క ఒళ్ళో తలపెట్టి ఏడ్చేసింది. అక్క మెల్లగా తల నిమురుతూ కూర్చుంది, అంతే.

చివరిరోజు సముద్రం కనిపించగానే ఇద్దరూ కౌగిలించుకుని బావురుమన్నారు. చూసినవాళ్ళు ఆనందమనుకుని చప్పట్లు కొట్టారు. ఆనందమా?! అయిపోయిందే అన్న దిగులు... ఇంటికెళ్ళాక మళ్ళీ "మీరు తిన్నారా అక్కా" అనాల్సొస్తుందేమోనన్న భయం! ఇప్పుడు ఆ పాటి మాటకి కూడా నోచుకోలేదు.

ఇంట్లో కాలు నిలవడం లేదు. కళ్ళు మూస్తే రోడ్డే! మధ్యాహ్నంపూట పనంతా అయ్యాక గోడకి వీపు ఆనించి కూర్చునేది. అవతలి నుంచి అక్క గురక వినిపించేది. "నీ గురకతో చంపుతున్నావు అక్కా" అని దారిపొడవునా విసుక్కున్న గురక... ఇప్పుడు అది వింటేనే కాస్త కన్ను మూతపడుతోంది. ఒకరోజు గురక వినిపించలేదు. వెక్కిళ్ళు వినిపించాయి. అక్క ఏడుస్తోంది! చిన్నకోడలు కూడా ఇవతల కూర్చుని ఏడ్చింది.

భోజనానికొచ్చిన భర్త అది చూశాడు. "ఇంకా ఎన్నాళ్ళీ ఏడుపు? ఏం తక్కువైంది నీకు?"

"అక్క!"

"ఆవిడేమన్నా నీ తోడబుట్టిందా?"

"లేదు! అయినా ఎదురుగాలికి నా ముందు నిలబడింది. మీ తోడబుట్టినాయన మీకోసం ఎప్పుడైనా నిలబడ్డాడా?"

కంచంలో అతని చెయ్యి ఆగిపోయింది.

"నిలబడ్డాడు... చిన్నప్పుడు నేను తప్పు చేసినందుకు నాన్న కొట్టబోతే, నన్ను వెనక్కి నెట్టి ఆ దెబ్బలు తనే తినేవాడు." కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఇప్పుడు కొట్లో నాన్న కుర్చీ ఖాళీగానే ఉంది. ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చుంటున్నాం. పొద్దస్తమానం ఒక్క మాట లేదు. ఒక్కసారి ‘ఒరేయ్ తమ్ముడూ’ అంటాడేమోనని..."

"ఆ మాట నాకెందుకు చెప్తారండీ? బావగారు కూడా అన్నానికొచ్చి గోడవతలే ఉన్నారుగా, వెళ్ళి ఆయనకే చెప్పండి!"

అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళాడు. ఆమె గోడకి చెవి ఆనించింది. అవతల తలుపు తీసిన చప్పుడు... మాటల్లేవు... ఆపైన ఏదో దభీమని కింద పడింది. కొట్టుకుంటున్నారా దేవుడా! అంతలో గోడని దబదబా బాదుతూ అక్క గొంతు వినిపించింది.

"ఒసేయ్! అన్నదమ్ములిద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని చంటిపిల్లల్లా ఏడుస్తున్నారే! వీళ్ళని పట్టుకోవడం నా వల్ల కావడం లేదు. నువ్వెక్కడ చచ్చావ్? రావే!"

చిన్నకోడలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.