ఎవరు అరుస్తారో చూడాలి

బెంగళూరు కోరమంగళలో ఒక ఐదంతస్తుల మేడ. దాని నాలుగో అంతస్తుకి పేరు చెడింది. మాంద్యం వచ్చిన ఏడు అక్కడ పనిచేసే నూట నలభైమందినీ ఒక్క వారంలో ఇంటికి పంపేశారు. కుర్చీలున్నాయి, బల్లలున్నాయి, బల్లకో ఫోను ఉంది. మనుషుల్లేరు. రాత్రి పదకొండు దాటితే ఆ ఫోన్లలో ఏదో ఒకటి మోగుతుందని చెప్పుకునేవారు... కాపలావాళ్లు మూడో అంతస్తు దాకా తిరిగి, అక్కడినుంచే పైకి ఓ దణ్ణం పెట్టి దిగిపోయేవారు.

మందాకిని హెగడె ఇలాంటివి నమ్మే మనిషి కాదు. నమ్మే తీరికా లేదు. ఆమె కంప్యూటర్ల కన్సల్టెంటు. మంచి రోజుల్లో కొత్త యంత్రాలు ఎక్కడ పెట్టాలో చెప్పేది. ఆ ఏడు ఏవి తీసెయ్యాలో చెబుతోంది. యంత్రాల జాబితాతో మొదలైన పని నెమ్మదిగా మనుషుల జాబితాలోకీ వెళ్లింది. "పీనుగుల మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే" అని క్యాంటీన్లో ఆమెకి వినపడేలాగే అనేవారు. ఆమె తలొంచుకుని ఖారాబాత్ ఉప్మా తినేసి లేచిపోయేది. ఏం చేస్తుంది? అంతకుముందు ఐదు నెలలు పని లేక ఇంట్లో కూర్చున్న మనిషి. సోమవారానికి జాబితా పూర్తి చేస్తే ఇంకో ఆరు నెలలు ఉంచుతామన్నారు. లేకపోతే ఆమే ఇంటికి.

మిగిలింది ఒకటే యంత్రం. నాలుగో అంతస్తు మూలగదిలో ఉంది. అది ఎవరిదో, ఏం చేస్తుందో చెప్పేవాళ్లు లేరు.

అలాంటివాటికి ఆ వృత్తిలో ఒక పద్ధతుంది. తీగ పీకేసి కూర్చోవాలి. దాంతో పనున్నవాడెవడైనా ఉంటే లబోదిబోమంటూ ఫోన్ చేస్తాడు. అరగంటలో ఎవరూ అరవకపోతే అది ఎవరికీ అక్కర్లేదన్నమాట — పాతసామాన్లలోకి తోసెయ్యొచ్చు.

శనివారం రాత్రి కాపలా సిద్దప్ప ఆమెతో మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

"పొద్దున పీకుదురుగాని మేడమ్..."

"పగలైతే పనులాగిపోతాయి సిద్దప్పా. నేను కేకేస్తే వస్తావుగా?"

"మీరు కేకేస్తే... నేను కిందికి పరిగెడతాను మేడమ్. అబద్ధమెందుకు."

ఆమె నవ్వుకుంటూ ఒక్కతే లోపలికెళ్లింది. ఖర్చు తగ్గాలని అక్కడి దీపాలు కూడా తీసేశారు. చేతిలో టార్చి... మూలగదిలో యంత్రం మీద చిన్న పచ్చదీపం. తీగ పీకింది. దీపం ఆరింది. ఫ్యాను రొద సన్నగిల్లి, సన్నగిల్లి... ఆగిపోయింది.

పది నిమిషాలు. ఇరవై. ఇరవై ఐదు...

ఫోను మోగింది.

ఆ చివర, కిటికీ పక్క బల్ల మీద. ఆ బల్ల ఎవరిదో ఆమెకి తెలుసు. వెళ్లి ఎత్తింది.

"మందాకినీ..." గుసగుసగా ఒక గొంతు. "తీగ పీకింది నువ్వేనా అమ్మా?"

వాదిరాజ్! ఆమెకి ఈ పని ఓనమాల నుంచి నేర్పిన పెద్దాయన. మందాకినికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు — ఉద్యోగం పోయినా ఆయన ఇంటినుంచే ఈ యంత్రాన్ని చూసుకుంటున్నాడన్నమాట.

"మీరా సార్! గుండె ఆగిపోయిందనుకోండి. ఏముంది సార్ ఇందులో?"

"పల్లెటూరి ఆసుపత్రుల రక్తపరీక్షల ఫలితాలు... అర్ధరాత్రి దీంట్లోంచే వెళ్తాయి. తెల్లారేసరికి డాక్టరు చేతిలో ఉండాలి. వాళ్లకి మన నంబరు కూడా తెలీదు. ఎలా అరుస్తారు?"

"ఇప్పుడే పెట్టేస్తాను సార్."

"పెట్టు... ఒకటడుగుతా. యంత్రాన్ని పీకితే అరగంట ఆగి చూస్తారు కదా... నన్ను పీకినప్పుడు ఎంతసేపు ఆగారమ్మా? ఎవరైనా అరిచారా?"

ఆయన పేరు జాబితాలోకి ఎక్కించింది తనే.

"లేదు సార్," అంది. "నేనూ అరవలేదు."

ఫోను పెట్టేసింది. తీగ మళ్లీ తగిలించి కిందికి దిగింది.

"నీ దెయ్యం మన వాదిరాజ్ సారేనయ్యా. ఇంటినుంచి పనిచేస్తున్నారు!"

సిద్దప్ప నవ్వలేదు. "ఆ సారు దీపావళి మర్నాడే పోయారు మేడమ్. మల్లేశ్వరంలో వాళ్లింటికి వెళ్లి దండ వేసొచ్చాను. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆమెతో మాట్లాడేవాళ్లెవరున్నారు?

"మరి... ఫోను?"

సిద్దప్ప మెట్ల కిందికి టార్చి వేశాడు. ఫోను తీగలు చుట్టలుచుట్టలుగా పడున్నాయి. "ఆ అంతస్తు తీగలన్నీ దసరాకే కోసేశారు. అందుకే కదా మేడమ్ మేం పైకెక్కంది."

సోమవారం మీటింగులో పెద్ద మేనేజరు చెంగప్ప అడిగాడు. "ఆ మూలది పీకారా? ఎవరూ అరవలేదుగా?"

"అరిచారు సార్."

"ఎవరు?"

"నేను" అంటూ మందాకిని లేచి నిలబడింది. ఆ యంత్రం ఆగితే ఏ పల్లెలో ఏమవుతుందో చెప్పింది. వాదిరాజ్‌ని తీసెయ్యడం తప్పంది. ఆ తప్పు రాసిన చెయ్యి తనదేనంది. చెబుతూ చెబుతూ నిజంగానే అరిచింది. అందరూ తలలు దించుకున్నారు. సాయంత్రానికి యంత్రాన్ని ఉంచారు, ఆమెని తీసేశారు.

వీడ్కోలు చెప్పడానికి ఎవరూ దిగి రాలేదు. తను మాత్రం ఎవరి కోసం దిగింది గనక! గేటు దగ్గర గుర్తింపు కార్డు సిద్దప్ప చేతిలో పెట్టి రోడ్డెక్కింది.

అప్పుడు మోగాయి...

ఒకటి కాదు, రెండు కాదు. నాలుగో అంతస్తులో నూట నలభై ఫోన్లూ — ఒక్కసారిగా. ఆటోలాగాయి. మొక్కజొన్న పొత్తులు కాల్చే ముసలమ్మ విసనకర్ర ఆపేసి పైకి చూసింది. మందాకిని రోడ్డు మధ్యలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

సరిగ్గా అరగంట మోగాయట. సిద్దప్ప గడియారం చూసి మరీ చెప్పాడు.