గంధం అంటని ట్రిగ్గర్

పిల్లాడిని చంకనేసుకుని రేణు పరుగులాంటి నడకతో వచ్చేసరికి, టెక్సస్‌లోని ప్లేనోలో ప్రైవేటు డిటెక్టివ్ ఉమామహేశ్వరి అప్పుడే ఆఫీసు తలుపు తీస్తోంది.

నిన్న డాక్టర్ కృష్ణమోహన్‌గారింట్లో ఆయుధపూజ. రేణు భర్త మనోహర్ డాక్టర్‌గారి పాత మిలిటరీ రైఫిల్‌కి గంధం పూసి నేలమీద నిలబెట్టగానే అది పేలింది. తూటా అతని టీమ్ లీడ్ జితేందర్ భుజాన్ని గీరుకుంటూ పోయింది. నిన్న పొద్దున్నే ఆ ఇద్దరికీ ఆఫీస్‌లో మాటామాటా వచ్చింది. అందుకే కావాలని కాల్చాడంటాడు జితేందర్. ట్రిగ్గర్ నొక్కాడంటారు డాక్టర్‌గారు. ఇవాళ సాయంత్రం పోలీసులకు చెబుతామన్నారట.

"వీసా పోతే పోయింది మేడమ్, జైల్లో పెడతారేమో. ఆయన నొక్కలేదు" అంది రేణు.

డాక్టర్‌గారింట్లో పూజకు ఇంకా ఉద్వాసన చెప్పలేదు కాబట్టి పీటమీద వస్తువులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకు నింపిన పెన్ను, దారం ఎక్కించిన కుట్టుమిషను, రైఫిలు, ఓ చిన్న ఆకురాయి. అన్నిటికీ బొట్లు. అసిస్టెంటు చరిత ఫోటోలు తీస్తుంటే, ఉమామహేశ్వరి ఆకురాయి పళ్లను వేలితో తడిమింది. వేలికి తళతళలాడే ఉక్కుపొడి అంటింది.

అందరినీ కూర్చోబెట్టింది. రైఫిల్ ఖాళీగా ఉందని తెరిచి చూపించింది.

"మనోహర్, గంధం ఏ చేత్తో పూశారు?"

"రెండు చేతులకీ అంటింది మేడమ్."

కర్రమీద, గొట్టంమీద గంధపు వేలిముద్రలున్నాయి. ట్రిగ్గర్ మాత్రం శుభ్రంగా ఉంది. ఖాళీ తుపాకీ బోల్టు లాగి వదిలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, దాని కర్ర మడమను నేలకు తాటించింది. లోపల టక్కుమంది. చరిత నోరు తెరిచేసింది.

"ట్రిగ్గర్ తేలిగ్గా పడాలని లోపలి కొక్కేన్ని అరగదీశారు డాక్టర్‌గారూ. ఇప్పుడది దేన్నీ పట్టి ఉంచదు. పనిముట్టు కదాని ఆ ఆకురాయినీ పూజలో పెట్టారు. ఇక తూటా సంగతంటారా, ఈ పీటమీద ఖాళీగా పెట్టింది ఒక్కటీ లేదు."

డాక్టర్‌గారు తల వంచుకున్నారు. "ఖాళీ తుపాకీ పూజకు పనికిరాదనేవారు మా నాన్న" అన్నారు, ఎవరికీ వినపడనట్టు.

"తెలిసే వీణ్ణి ఇరికించారా అంకుల్?" అన్నాడు జితేందర్.

ఆయన ఫోన్ తీసి పోలీసులకు తనే డయల్ చేశారు. తుపాకీ పాడుచేసిందీ నింపిందీ తనేననీ, ఆ అబ్బాయి తప్పేమీ లేదనీ పొల్లుపోకుండా చెప్పారు.

జితేందర్ లేచి కట్టున్న భుజం పట్టుకుని మనోహర్ ముందు నిలబడ్డాడు.

"సోమవారం ఆఫీస్‌కి రా భై. మన లొల్లి ఇంకా అయిపోలే."

రేణుకు నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.