రెండు నిమిషాల ఖాళీ

పటాన్‌చెరు మార్కెట్ రోడ్డులో మందుల దుకాణం పైన సోమేశ్వర్ పెళ్లి వీడియోల మిక్సింగ్ గది. దానికి కిటికీలు లేవు. రెండువేల ఏడు ఎండాకాలం, పెళ్లిళ్ల హడావిడి అప్పుడే తగ్గింది. ఒక పొద్దున అతను టీ తాగుతూ క్యాసెట్లు సర్దుకుంటుంటే, పక్క ఊరు ఇంద్రేశం నుంచి పుష్పమ్మ వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన, చిన్న డీవీడీ మీద రికార్డు చేసే డిస్కు కెమెరాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

ఆ కెమెరా సోమేశ్వర్‌కు బాగా తెలుసు. అది ఆమె కొడుకు యాదగిరిది. ఫ్యాక్టరీలో ప్రెస్ మిషను కింద కుడిచేతి వేళ్లు రెండు పోయాక, యాదగిరి ఆ పని మానేసి సోమేశ్వర్ దగ్గర పెళ్లిళ్లు తీయడానికి కుదిరాడు. మిగిలిన వేళ్లతో జూమ్ మీట నొక్కినప్పుడల్లా బొమ్మకు ఒక్క కుదుపు వచ్చేది. ఆ కుదుపులు కత్తిరించలేక సోమేశ్వర్ అతన్ని ఎన్నోసార్లు తిట్టాడు. ఐదు నెలల కిందట బొంబాయి హైవే మీద లారీ గుద్ది యాదగిరి పోయాడు. ఆ తిట్లు గుర్తొస్తే సోమేశ్వర్‌కు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

"డిస్కు నిండొచ్చింది బిడ్డా," అంది పుష్పమ్మ గొంతు తగ్గించి. "ఇంక రెండు నిమిషాలే ఖాళీ ఉంది. దీన్ల ఉన్నదంత కంప్యూటర్ల ఎక్కియ్యి."

"ఎవరు నింపుతున్నరు పెద్దమ్మా?"

"ఇంకెవరు? మావోడే. నేను పండుకున్నంక వస్తడు. లేచి సూస్తే కొంచెం పెరిగుంటది. గీ చిన్న తెర మీద నాకు సక్కగ కనబడదు గని, నన్నే తీస్తుండు."

సోమేశ్వర్ కెమెరా తెరిచి డిస్కు చూశాడు. నిద్రమత్తులో ఆమే మీట నొక్కుతోందేమో అనుకున్నాడు. జాలేసింది.

"డిస్కు మూయకు మరి," అందామె. "మూస్తే ఇంక ఎక్కదని మావోడు బతికున్నప్పుడే చెప్పిండు. ఆ రెండు నిమిషాలు వానికి ఉండాలె."

చిక్కంతా అక్కడే ఉంది. కెమెరాలో మూయని, అంటే ఫైనలైజ్ చేయని, డిస్కును కంప్యూటర్ చదవదు. మూశాక ఆ డిస్కు మీద మరి ఒక్క క్షణం కూడా రికార్డు కాదు. ఈ సంగతి ఆమెకు చెప్పే ఓపిక అతనికి లేకపోయింది. ఆమె కూరగాయలకని కిందికి దిగగానే డిస్కు మూసేశాడు. కెమెరాలో కొత్త డిస్కు పెట్టి, ఆమె తిరిగి రాగానే చేతికిచ్చాడు.

"మూయలేదు కద బిడ్డా?"

"లేదు పెద్దమ్మా."

ఆమె మొహం వెలిగింది. కెమెరాను మళ్లీ కొంగులో చుట్టుకుని మెట్లు దిగింది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ డిస్కులోని ఫైళ్లు నేరుగా పనికిరావు. అన్నింటినీ మార్చాలి. సగంలో కరెంటు పోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. ట్యూబులైటు ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పెద్ద తెర మీద చూడటానికి కూర్చున్నాడు. గదిలో చల్లారిన టీ వాసన, కంప్యూటర్ ఫ్యాను రొద.

మొదట ఏదో పెళ్లి. పెళ్లికూతురి మొహం మీదికి జూమ్. అదే పాత కుదుపు. సోమేశ్వర్ కళ్లు తడి అయ్యాయి.

తర్వాత పుష్పమ్మ ఇల్లు.

నేల మీద చాప. చాప మీద ఆమె. బొమ్మ చాలా ఎత్తు నుంచి, ఇంటి దూలం దగ్గర నుంచి తీసినట్టుంది. ఆమె గురక వినిపిస్తోంది. దూరంగా కంపెనీ సైరన్ మోగి ఆగింది. కెమెరా పట్టుకున్న మనిషి ఊపిరి ప్రతి రికార్డింగులోనూ వినబడుతుంది. దాన్ని తీసేయడమే సోమేశ్వర్‌కు సగం పని.

ఇందులో ఊపిరి లేదు.

కెమెరా కిందికి దిగింది. ఆమె మొహం మీదికి జూమ్ మొదలైంది. మెల్లగా... నున్నగా... ఎక్కడా ఆగకుండా.

కుదుపు లేదు.

సోమేశ్వర్ వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. కుదుపు లేదు. మరో రాత్రి, మరో ముక్క. అందులోనూ లేదు. ప్రతి ముక్కలో కెమెరా ఆమె మొహానికి ఇంకొంచెం దగ్గరవుతోంది.

చివరి ముక్కలో కెమెరా పక్కకు తిరిగింది. బీరువా అద్దం. అద్దంలో చీకటి, చీకట్లో కెమెరా, కెమెరాను పట్టుకున్న కుడిచెయ్యి. సోమేశ్వర్ బొమ్మను ఆపాడు. తెరకు మొహం ఆనించి వేళ్లు లెక్కపెట్టాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఐదు.

గదికి తాళం కూడా వేయకుండా స్కూటర్ తీశాడు. ఆ కెమెరాను ఆమె దగ్గర ఉంచకూడదు, అది తప్ప అతనికి మరో ఆలోచన లేదు. ఇంద్రేశం చేరేసరికి ఇంకా ఎండ ఉంది. కొత్త ప్లాట్ల రాళ్ల మధ్య మేకలు తిరుగుతున్నాయి. పుష్పమ్మ గడపలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. ఆమెను చూశాక అతని ప్రాణం కుదుటపడింది.

"కెమెరా ఇయ్యి పెద్దమ్మా. జల్దీ."

"లోపలున్నది. ఇయ్యాల పగటీలే వచ్చిండు బిడ్డా," అందామె సంబరంగా. "జెర కన్నంటింది, అంతే. ఇన్నొద్దులు నోరు తెరవనోడు ఇయ్యాల మాట్లాడిండు."

సోమేశ్వర్ లోపలికి పోబోయి ఆగాడు. "ఏమన్నడు?"

"డిస్కు ఎవరు మూసిన్రమ్మా, ఆయన పేరేందని అడిగిండు. నువ్వు మూయలేదంటివి... అయినా నీ పేరే చెప్పిన. ఇల్లెక్కడని అడిగితే అది గూడ చెప్పిన."

లోపలి గదిలో, బీరువా మీద, కెమెరా రికార్డింగు ఎర్రలైటు వెలుగుతోంది.

పుష్పమ్మ చేతిలోని కాయను తుంచడం ఆపి తలెత్తింది.

"రెండేండ్లు నీ దగ్గర పనిచేసినోడు... నీ పేరు మరుస్తడా బిడ్డా?"