యాశొన్నా దివాణంలో ఒక పూట

"ఈసారి నువ్వు టూరిస్టు గైడువి," అంది కర్నల్ సబీనా.

టిమొన్ గావ్రోన్ తల ఊపాడు. పోయిన నెల ప్లంబరు, అంతకు ముందు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. గైడయితే మాత్రం నష్టమేముంది? లుబ్లిన్ బస్టాండు పక్కసందులో ఒక డ్రైక్లీనింగ్ షాపు, దాని వెనక గదే వాళ్ళ రహస్య ఆఫీసు. హ్యాంగర్లకి వేలాడే పరాయివాళ్ళ కోట్ల మధ్య నిలబడి కర్నల్ చెప్పుకుపోతోంది.

"ప్రొఫెసర్ ఎమెరిక్ జోవ్నా. డెబ్భై ఆరేళ్ళు, గుండె జబ్బు, చెవులు మందం. 'కోకిల' ముఠా ఇన్నేళ్ళుగా పంపుకున్న సంకేతాలన్నీ విప్పింది ఆయనే. మన పెద్దమనుషుల్లో ఎవరెవరు వాళ్ళకి అమ్ముడుపోయారో ఆయనకి తెలుసు. రేపు పొద్దున బ్రస్సెల్స్‌లో పేర్లు చెబుతాడు. ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు. అంతా బుర్రలోనే."

"అయితే ఇవాళ్టికి ఆ బుర్రని ఇంట్లో కూర్చోబెట్టొచ్చుగా?"

"చెప్పి చూశాను. యాశొన్నా దివాణం చూడందే విమానం ఎక్కనని మొండికేశాడు. పుట్టిందక్కడేనట. ప్రైవేట్ టూర్, హాఫ్ డే. మధ్యాహ్నం భోజనానికల్లా ప్రాణంతో నాకు అప్పజెప్పు."

"చంపడానికి ఎవరొస్తున్నారు?"

"కోకిలే స్వయంగా, ఆ ముఠాని నడిపే మనిషి. మొహం ఎవరూ చూడలేదు. ఆడో మగో కూడా తెలీదు. సరిహద్దుకి తూర్పున మన ఊళ్ళలాంటి పల్లెటూళ్ళో పుట్టి, తర్వాత పడమటి దేశాల్లో ఎవరి గూట్లోనో పెరిగినట్టు కబురు. అంతకు మించి సున్నా."

"నాతో ఎవరు?"

"ఐరీన్ వోగెల్. జెనీవాలో పుట్టి జెనీవాలోనే పెరిగిన మనిషి. పైకి ప్రొఫెసర్ ఆత్మకథ అచ్చేస్తున్న పబ్లిషరు. లోపల మూడేళ్ళుగా నా మనిషి. కోకిల ముఠాలోకి నేను దూర్చిన డబుల్ ఏజెంట్. ఈ దాడి సంగతి చెప్పింది కూడా ఆవిడే. ఆవిడ మాట కాదనకు."

తర్వాత సామాను ఇచ్చింది. మెడలో వేసుకునే గైడు బ్యాడ్జి, కాలరుకి తగిలించే మైకు, చెవిలో పెట్టుకునే బటాణీ గింజంత రిసీవరు. మైకు బొత్తాం నొక్కితే మాట నేరుగా కర్నల్ వ్యానులోకి పోతుంది. 'టూర్ ముగిసింది' అంటే చాలు, తోటమాలుల వేషంలో ఉన్న కమాండోలు లోపలికి దూకుతారు.

"ప్రశ్నలు?"

"లేవు."

"భయం?"

"అదీ లేదు."

"అదే నాకు నచ్చట్లేదు," అంది కర్నల్.

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. వసంతంలో భార్య హాల్ష్కా పోయినప్పటి నుంచి టిమొన్‌కి భయం లేదు, ఆకలి లేదు, ఏడుపు కూడా రాలేదు. పన్ను పీకించుకునే ముందు ఇంజెక్షన్ ఇచ్చిన దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు. గిల్లినా తెలీదు. డిపార్ట్‌మెంటులో కుర్రాళ్ళు దాన్ని ధైర్యం అనుకుని కథలు చెప్పుకునేవాళ్ళు.

వీధిలోకి వచ్చాక బ్యాడ్జి ఇస్త్రీబల్ల మీదే వదిలేశానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాడు. తీసుకుని తిరగబోతుంటే కర్నల్ కుర్చీ ముందుకు తోసింది.

"కూర్చో."

"వద్దండీ."

"వెనక్కొచ్చావుగా. కూర్చుని వెళ్ళు."

ఆ ప్రాంతంలో ఏదైనా మర్చిపోయి ఇంట్లోకి తిరిగొచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, మనసులో పది లెక్కపెట్టుకోకుండా మళ్ళీ గడప దాటరు. మంత్రులూ అంతే, లారీ డ్రైవర్లూ అంతే, ఛాతీ మీద మూడు మెడల్స్ ఉన్న కర్నల్ కూడా అంతే. ఆసుపత్రికి బయల్దేరిన రోజు హాల్ష్కా కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చింది. వంటింట్లో స్టూలు మీద బుద్ధిగా కూర్చుంది, ఒక్క అంకె కూడా మింగకుండా పైకే పది దాకా లెక్కపెట్టింది, నవ్వుతూ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ రోజుతో టిమొన్ కూర్చోవడం మానేశాడు.

ఇప్పుడూ కూర్చోలేదు.

*

ఐరీన్ వోగెల్ కారెక్కగానే లోపలంతా ఖరీదైన వాసన నిండింది. ముత్యపు రంగు కోటు, మోచేతి దాకా గ్లోవ్స్, సినిమా పోస్టరు మీంచి దిగొచ్చిన మొహం. ప్రొఫెసర్ మందుల సంచీ తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"నేను వియన్నా దాటి తూర్పునకు రావడం ఇదే ప్రథమం," అంది, పాఠ్యపుస్తకం అప్పజెబుతున్నట్టు. "ఇచ్చటి పొగమంచు చాలా అందముగా ఉన్నది."

"పొగమంచు కాదమ్మా, ఎండుటాకులు తగలెడుతున్నారు," అన్నాడు ప్రొఫెసర్.

దివాణం దగ్గర కాపలా అంతా జెనోవేఫా అనే ముసలావిడదే. టిక్కెట్లు, తాళాలు, చీపురు అన్నీ ఆవిడ చేతిలోనే. గుమ్మంలోనే ఆపి ముగ్గురి ముందూ ఉన్ని చెప్పులు పడేసింది. బూట్ల మీంచే తొడుక్కుని, నాడాలు వెనక్కి తిప్పి కట్టుకోవాలి.

"ఇవి లేకుండా నా చెక్కనేల మీద అడుగు పెడితే ఊరుకోను. ప్రెసిడెంటుగారొచ్చినా తొడిగించాను."

"ఏమ్మా, నీ చెక్కనేలా?" ప్రొఫెసర్ కయ్యానికి దిగాడు. "యుద్ధం తర్వాత దీన్ని సర్కారు వ్యవసాయ క్షేత్రం చేసినప్పుడు నువ్వు పుట్టావా? మా అమ్మ ఇక్కడ పాలు పితికేది. ఈ నేల మీద మా కోళ్ళు తిరిగేవి."

"కోళ్ళకి బూట్లుండవు. తొడుక్కోండి బాబూ."

ప్రొఫెసర్ నోరు మూసుకుని తొడుక్కున్నాడు.

టిమొన్ ఆ పొద్దున హడావిడిగా బట్టీపట్టింది మొదలెట్టాడు. "ఇది యువరాణిగారి పడకగది. ఈ మంచం..."

"కాదు," అన్నాడు ప్రొఫెసర్. "ఇది బంగాళాదుంపల గది. ఆ మూల మొలకలొచ్చేవి."

"ఇది ప్రార్థన మందిరం."

"ట్రాక్టర్ చక్రాలు పెట్టేవాళ్ళు. నువ్వు ఏ పుస్తకంలో చదివావు నాయనా?"

ఇంకో రోజయితే టిమొన్‌కి నవ్వొచ్చేది. కిటికీలు చూశాడు, తలుపులు చూశాడు, తోటలో ఆకులు ఊడుస్తున్న కమాండోలని చూశాడు. కోకిల జాడ లేదు. ఆ ముప్పు కూడా ఎక్కడో దూరంగా, పక్కింటి రేడియోలా వినపడింది.

మెట్లెక్కి నాట్యశాల చేరేసరికి ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. అయినా కళ్ళు మెరిశాయి. పొడుగాటి హాలు, అద్దంలాంటి నేల.

"ఇదే! చలికాలం మా అక్కా నేనూ మేజోళ్ళతో ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చి ఈ చివర దాకా జారేవాళ్ళం. అక్క నన్నెప్పుడూ ఓడించేది..." అంటూనే ఛాతీ పట్టుకుని, గుమ్మం పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "ఐరీన్, నా మాత్ర..."

ఐరీన్ సంచీ తెరిచింది, వెతికింది. ఆమె మొహంలో మొదటిసారి కంగారు కనిపించింది. "డబ్బా కారులోనే ఉండిపోయినది. ఒక్క నిమిషము." చెప్పులు విప్పి చేత పట్టుకుని మెట్లు దిగింది.

టిమొన్ పెద్దాయన కాలరు వదులు చేశాడు, గాలి ఆడేలా హాలు చివర కిటికీ తెరవడానికి వెళ్ళాడు. కింద కారు కనిపిస్తోంది. ఐరీన్ వెనక తలుపు తీసింది. సీటు కింద వెతికి చిన్న రేకుడబ్బా అందుకుంది. అంత తొందరలో ఉన్న మనిషి, అంత కంగారుగా పరిగెత్తిన మనిషి, సీటు అంచున కూర్చుంది. కాళ్ళు బయట కంకర మీద. డబ్బా ఒళ్ళో. వీపు నిటారుగా. పెదాలు కదులుతున్నాయి.

తర్వాత లేచి గబగబా లోపలికి వచ్చింది.

టిమొన్ బొత్తాం నొక్కాడు. "కర్నల్, ఐరీనే కోకిల."

"మతి పోయిందా?"

"డబ్బా కోసం వెనక్కెళ్ళి కూర్చుంది."

"జెనీవాలో కూడా మనుషులు కూర్చుంటారు టిమొన్."

"లెక్కపెట్టరు."

రిసీవరులో కర్నల్ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "విను. ఇప్పుడా మాత్ర పడకపోతే పెద్దాయన పోతాడు. నీ అనుమానం తప్పయితే ఆయన్ని చంపింది కోకిల కాదు, నువ్వు. టూర్ ముగించొద్దు. ఇది ఆర్డర్."

తప్పయితే? నిజంగానే ఆమె కాళ్ళు నొప్పెట్టి కూర్చుని ఉంటే? పెదాలు ప్రార్థనకి కదిలి ఉంటే? అంత అనుమానమూ వట్టి మూఢనమ్మకం మీద నిలబడింది. అదీ తన ఇంట్లో పనిచెయ్యని నమ్మకం.

కానీ హాల్ష్కా కూర్చున్న తీరు అతనికి బాగా తెలుసు. వీపు అలాగే నిటారుగా ఉండేది. చేతులు అలాగే ఒళ్ళో ఉండేవి. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. ఊహ తెలియక ముందు ఇంట్లో పెద్దవాళ్ళు భుజం పట్టుకుని కూర్చోబెడితే వచ్చేది.

ఐరీన్ గుమ్మంలోకి వచ్చింది. మళ్ళీ ఉన్ని చెప్పులు తొడుక్కుంది, నాడాలు కట్టలేదు. డబ్బా మూత తీసింది.

"ప్రొఫెసర్ గారూ, ఆగండి!" అని అరిచాడు టిమొన్.

మందం చెవులకి వినపడలేదు. ఐరీన్‌కి వినపడింది. ఆమె చెయ్యి వేగం పెంచింది. మాత్ర ముసలాయన పెదాల దగ్గరికి వెళుతోంది. మధ్యలో హాలంత దూరం. ఉన్ని చెప్పులతో పరిగెత్తితే బోర్లా పడతాడు.

అందుకని పరిగెత్తలేదు. రెండంగల్లో ఊపు తీసుకుని జారాడు.

కిటికీలు వెనక్కి పోయాయి. చేతులు బార్లా చాపి, ముప్ఫై తొమ్మిదేళ్ళ సీక్రెట్ ఏజెంట్ మంచుమీద పిల్లాడిలా నాట్యశాల పొడవునా దూసుకొచ్చి, కుర్చీతో సహా ప్రొఫెసర్‌ని ఢీకొట్టాడు. పెదవి తాకబోయిన మాత్ర ఎగిరి గోడ కింద పడింది.

"టూర్ ముగిసింది!" అన్నాడు నేలమీంచే.

ఐరీన్ చేతిలోకి కోటు మడతలోంచి బుల్లి పిస్టల్ వచ్చింది. గొట్టం అతని నుదుటికి గురి. టిమొన్‌కి భయం వెయ్యలేదు, ఇప్పుడు కూడా. చేతికి అందే దూరంలో ఆమె చెప్పు నాడా నేలమీద పాములా పడి ఉంది. పట్టుకుని లాగాడు. పిస్టల్ పేలింది, పైకప్పులో గచ్చు మన్మథుడి బొమ్మ ముక్కు రాలింది, ముత్యపు రంగు కోటు వెల్లకిలా పడింది.

మెట్ల మీద బురద బూట్ల చప్పుడు. వెంటనే జెనోవేఫా కేక: "చెప్పులు! ముందు చెప్పులు!" ఆరడుగుల కమాండోలు ఒక్క క్షణం నిజంగానే ఆగారు. తర్వాత క్షమించమంటూ ఆవిడ్ని దాటుకుని వచ్చారు.

ప్రొఫెసర్ నేలమీద ఊపిరి అందక ఎగశ్వాస తీస్తున్నాడు. పెదాలు నీలంగా మారుతున్నాయి. టిమొన్ ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కర్నల్ మాటే నిజమయ్యేలా ఉంది. 'ఈయనా పోతాడు, నా చేతుల్లోనే పోతాడు' అనుకున్నాడు, అప్పుడు లోపలెక్కడో చురుక్కుమంది.

"జరుగు." జెనోవేఫా తన సంచీ బోర్లించింది. తాళాలు, దువ్వెన, గసగసాల కేకు ముక్క, మాత్రల పట్టీ. "నాకూ అదే జబ్బు. మా వయసు వాళ్ళలో ఎవరి సంచీ దులిపినా ఇదే రాలుతుంది. నాలిక కింద పెట్టుకోండి బాబూ."

కొంచెం సేపటికి ప్రొఫెసర్ కళ్ళు తెరిచాడు. టిమొన్ వంక ఎగాదిగా చూశాడు.

"బాగానే జారావు. మా అక్కంత కాదులే." ఇంకోసారి ఊపిరి తీశాడు. "హాఫ్ డే టూర్ అన్నారు. ఇంకా సగం గదులు చూపించనే లేదు."

బేడీలు వేసి తీసుకెళుతుంటే ఐరీన్ టిమొన్ ముందు ఆగింది. ఇప్పుడు ఆమె మాటల్లో పాఠ్యపుస్తకం లేదు. సరిహద్దు పల్లెటూరి యాస ఉంది.

"ఎక్కడ దొరికిపోయాను?"

"కూర్చున్నావు."

అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "మా అమ్మమ్మ..." అని ఆగిపోయింది. "కూర్చోకపోతే వెళ్ళిన పని చెడుతుందనేది."

"కూర్చున్నా చెడుతుంది," అన్నాడు టిమొన్. "నాకు తెలుసు."

చెవిలో కర్నల్ గొంతు తగ్గిపోయి ఉంది. "మూడేళ్ళు జెనీవాలో నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగింది టిమొన్. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు."

"మీ ముందు ఎప్పుడూ ఏమీ మర్చిపోలేదు కాబోలు."

*

అంబులెన్సు వెళ్ళింది, వెనకే నల్ల వ్యాను వెళ్ళింది. కారు తలుపు తీశాక టిమొన్ మెడ తడుముకున్నాడు. బ్యాడ్జి లేదు. జారినప్పుడు ఎక్కడో తెగి పడింది.

వెనక్కి వెళ్ళాడు. జెనోవేఫా నాట్యశాలలో మోకాళ్ళ మీద కూర్చుని బురద తుడుస్తోంది. బ్యాడ్జి అందించింది, చీపురుతో కుర్చీ చూపించింది.

"వెనక్కొచ్చావుగా. కూర్చో."

వద్దందామనుకున్నాడు. కాళ్ళు వినలేదు. కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు దగ్గర వంటింటి స్టూలు కనిపించింది. నాలుగు అంటుంటే ఆ గొంతు తనది కాదు, హాల్ష్కాది. దవడలో తిమ్మిరి దిగేటప్పుడే నొప్పి మొదలవుతుంది. అది ఒక్కసారిగా వచ్చింది. ఇన్ని నెలలుగా ఎక్కడ దాక్కుందో అంతా వచ్చింది. టిమొన్ గావ్రోన్ మొహం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

జెనోవేఫా తుడవడం ఆపలేదు. చాలాసేపటికి తల తిప్పి, "పదయిందా?" అంది.

"లేదండీ. నాలుగు దగ్గరే ఉన్నాను."

"నిదానంగా కానియ్యి. తాళాలు నా దగ్గరేగా ఉన్నాయి." గుడ్డ పిండి, అతని పాదాల దగ్గర నేలని అనుమానంగా చూసింది. "ఏడిస్తే ఏడువు గానీ బాబూ, పాలిష్ మీద మాత్రం పడనివ్వకు."