ఖాళీ కుర్చీ కొలత

ఆ మేడ మీద వాటాకి మంచి పేరు లేదు. అద్దెకి దిగినవాళ్ళు సామాను పూర్తిగా విప్పకముందే ఖాళీ చేసేవాళ్ళట. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట — కిటికీ పక్కన కుర్చీ.

కుర్చీ ఇల్లుగలావిడ చిన్నాన్నది. రేడియో వింటూ వింటూ అందులోనే పోయాడు. పాటలు అయిపోయేదాకా ఎవరూ గమనించలేదు, ఎందుకంటే బతికున్నప్పుడూ అంతే కదలకుండా వినేవాడు. పోయాక కుర్చీని బయట పడేద్దామంటే గుమ్మంలోంచి పట్టలేదు. అసలు లోపలికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఈమధ్య ఆ వాటాలో దిగిన అమ్మాయికి ఐదో నెల. మొగుడికి పాటల పిచ్చి. పొద్దుపోయాక అతను స్పీకర్లు పెట్టగానే కుర్చీలోంచి దగ్గు వినబడేది... "ఖ్ఖు... ఖ్ఖు..." పాట ఆపితే దగ్గూ ఆగేది.

అమ్మాయి తండ్రికి ఫోన్ చేసింది. "నువ్వొచ్చి చూడు నాన్నా. ఏమీ లేదని నువ్వు చెప్తే ఉంటాను. లేదంటే నీతో వచ్చేస్తాను." దెయ్యమూ లేదు గియ్యమూ లేదని మొగుడు మొండికేశాడు. కొన్నాళ్ళుగా మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు.

తండ్రిది స్పీకర్లు తయారుచేసే పని. అందరూ కొలతలాయన అంటారు. అద్దె ఇల్లు చూడబోతే ముందు గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి ఎలా మోగుతుందో చూసి, ఆ తర్వాతే నీళ్ళు వస్తాయా అని అడిగే రకం. అయినా చివరికి చెవిని నమ్మడు, మైకునే నమ్ముతాడు.

ఆయన చీకటిపడ్డాక వచ్చాడు. గుమ్మం దగ్గర కూతురి పెట్టె సర్దేసి ఉంది. చూసి, చూడనట్టు లోపలికి వెళ్ళాడు.

"స్పీకర్లని మూలల్లో కుక్కారేంటి, బాబూ?"

"అక్కడైతే బాగా దద్దరిల్లుతుందని, మావయ్యగారూ..."

"దద్దరిల్లుతుంది. ఇల్లంతా దద్దరిల్లుతుంది."

బాగా లోతైన శబ్దం ఒకటి పెట్టాడు. గది గుమ్మని నిండింది... కుర్చీ వైపు నుంచి — "ఖ్ఖు..."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకుని తిన్నగా కుర్చీ దగ్గరికి నడిచాడు... వంగాడు... కిటికీ అద్దం మీద వేలు పెట్టాడు. దగ్గు ఆగింది.

అద్దం వదులైపోయింది, అంతే. మూలల్లో స్పీకర్లు పెడితే లోతు శబ్దం పోగుపడి దాన్ని కుదిపేస్తోంది. సందులో కాగితం మడిచి దోపాడు, స్పీకర్లని గోడకి దూరంగా జరిపించాడు. మళ్ళీ పెడితే పాట ఉంది, దగ్గు లేదు. మొగుడు భార్య వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

అక్కడితో ఆపి అన్నం తినొచ్చు. కానీ చివరి కొలత తీయందే ఆయనకి ముద్ద దిగదు.

కొలిచేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదు. ఖాళీ కుర్చీ చప్పుడుని తిప్పికొడుతుంది. మనిషి కూర్చుంటే పీల్చుకుంటాడు, మైకు విన్నది ల్యాప్‌టాప్‌లో గీతగా వస్తే దాని మీద గుంట పడుతుంది. గుంట ఎక్కడ పడిందో చూస్తే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది. తన ఇంట్లో కొలిచేటప్పుడు భార్య కళ్ళజోడు కోసం లోపలికి వస్తే, ఆయన తలుపవతల కూర్చునే కనిపెట్టి కసురుకునేవాడు.

మైకు నిలబెట్టి, అందర్నీ బయటికి పంపి, తనూ ల్యాప్‌టాప్‌తో వచ్చి తలుపు మూశాడు. లోపల స్పీకర్లలో కొలత శబ్దం గురకలా మొదలై, సన్నబడి, ఈలగా మారి ఆగింది. గీత వచ్చింది. గుంట ఉంది.

"లోపలెవరు? బయటికి రండి," అన్నాడు తలెత్తకుండా.

తలుపు తెరుచుకోలేదు. కూతురు ఆయన పక్కనే ఉంది. అల్లుడు వెనకే ఉన్నాడు.

మళ్ళీ కొలిచాడు. అదే గుంట... సరిగ్గా కుర్చీ ఉన్నంత దూరంలో. మెల్లగా తలుపు తీశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. చప్పుడుని పీల్చుకునే దిండు కూడా లేదు, ఉత్త చెక్క.

"ఎవరైనా ఉన్నారా... నాన్నా?" గుసగుసగా అడిగింది కూతురు.

ఆయన ఆమె మొహం చూశాడు. గుమ్మం దగ్గర పెట్టె చూశాడు.

"ఎవరూ లేరమ్మా."

కొలత విషయంలో ఆయన అబద్ధమాడటం అదే మొదలు. సిగ్గుగా అనిపించింది. ఆమె మాత్రం ఊపిరి పీల్చుకుని, ఆయన ఆపేలోపే — వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుంది.

"వినేవాళ్ళు కూర్చున్నాక కూడా ఒకసారి చూడాలంటావుగా. కానివ్వు."

లేచిరామ్మా అంటే అబద్ధం బయటపడుతుంది. తలుపు మూశాడు. మీట నొక్కాడు.

గీత వచ్చింది. కుర్చీ దగ్గర ఒక్క గుంటే ఉంది. ఒక్కరే... తన కూతురే. హమ్మయ్య అనుకోబోయి ఆగిపోయాడు. ఇంకో గుంట, ఇందాక లేని చోట. తలుపు దగ్గర. ఇవతల తనూ అల్లుడూ ఉన్నారు. అవతల... తలుపుకి ఆనుకుని... ఎవరో నిలబడి ఉన్నారు.

ఆ గీతని మళ్ళీ మొదట్నుంచి చూసి, ల్యాప్‌టాప్ మూశాడు.

"అమ్మాయి ఇక్కడే ఉంటుంది, బాబూ," అన్నాడు గొంతు తగ్గించి. "రేపు ఇంకో కుర్చీ మాత్రం కొనండి."

"ఎవరికి మావయ్యగారూ?"

"కడుపుతో ఉన్న పిల్లని చూసి లేచి చోటిచ్చారు. పెద్దవారు, ఎంతసేపని నిలబడతారు?"